అన్నను క్షమించలేకపోతే నా విశ్వాసం వ్యర్థమేనా?

ప్రభువు పేరట మీకు వందనాలు, అమ్మా.

మీరు రాసిన దాన్ని ముందుగా నా మాటల్లో చెప్తాను. మీ నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్లి మూడేళ్లయింది. ఆయన ఆసుపత్రిలో ఉన్న ఆఖరి నెలలో మీ అన్నగారు ఎకరం ముప్పై సెంట్ల పొలాన్ని తన పేరున రాయించుకున్నారనీ, కాగితాల మీద వేలిముద్ర పడిన రోజున నాన్నగారికి మనుషులను గుర్తుపట్టే తెలివి కూడా లేదనీ మీరు అంటున్నారు. అమ్మగారు అప్పటి నుంచి హైదరాబాదులో మీ దగ్గరే ఉంటున్నారు. మీరు దావా వేశారు. ఇప్పుడు మేనకోడలికి పెళ్లి కుదిరి శుభలేఖ వచ్చింది. మీ సంఘ కాపరి దావా వెనక్కి తీసుకుని అన్నను క్షమించమంటున్నారు, లేకపోతే ప్రభు భోజన సంస్కారంలో పాల్గొనే అర్హత మీకు ఉండదని కూడా అన్నారు. ఎంత ప్రార్థించినా మనసు కరగడం లేదనీ, ఇంక మీకు నిరీక్షణ ఉన్నదా అనీ అడిగారు.

సూటిగా చెప్తాను. మీ విశ్వాసం వ్యర్థం కాదు. క్షమించడం వేరు, దావా మానుకోవడం వేరు, అన్నతో మునుపటిలా కలిసిపోవడం వేరు. మొదటిదాన్ని ప్రభువు మీ నుంచి కోరుతున్నాడు, అందులో మినహాయింపు లేదు. అయితే అది ఒక్క ప్రార్థనతో ముగిసే పని కాదు. రెండవది న్యాయానికి సంబంధించిన సంగతి. మూడవది మీ ఒక్కరి చేతిలో లేదు. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి మీ నెత్తిన పెట్టడం వల్లనే మీకు ఊపిరాడడం లేదని నాకు అనిపిస్తున్నది.

నేను కృష్ణా డెల్టాలోనూ, తరువాత హైదరాబాదులోనూ మొత్తం 36 సంవత్సరాలు కాపరిగా ఉండి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పొలం తగాదాలు చూడని సంవత్సరం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. నేను మీ పక్షమే విన్నాను. వాది మాట మొదట న్యాయంగా కనబడుతుందనీ, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుందనీ సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో ఉన్నది కనుక, మీ అన్నగారు తప్పు చేశారో లేదో నేను తేల్చడం లేదు. మీరు చెప్పినదే నిజమనుకుని రాస్తున్నాను.

మిగతా సంగతులకు ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కాపరిగా నాకు మూడో సంవత్సరం నడుస్తున్నప్పుడు ఒక చెల్లెలు మా ఇంటికి వచ్చి, భర్త తాగి వచ్చి కొడుతున్నాడని చెప్పింది. నేను మత్తయి సువార్త తెరిచి, డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించాలని వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఆమెను తిరిగి ఆ ఇంటికే పంపించాను. రెండు నెలలు తిరగకుండానే ఆమె విరిగిన చేతికి కట్టుతో వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. మా ఆవిడను మాత్రం, "అయ్యగారి వాక్యం నేను తప్పలేదమ్మా" అన్నది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. వాక్యం తప్పు కాదు, దానిని నేను వాడిన తీరు తప్పు. కొట్టినవాడిని గద్దించవలసిన నోటితో దెబ్బలు తిన్నదానికి బోధ చేశాను. మీ కాపరి మీద నాకు కోపం రాకపోవడానికి కారణం కూడా ఇదే: నేనూ ఆ మాటే చెప్పాను, సదుద్దేశంతోనే చెప్పాను.

ఆయన మీకు చూపించిన వాక్యం బహుశా మత్తయి 5:23, 24 అయి ఉంటుంది. అర్పణను బలిపీఠం దగ్గర విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన చోటు అది. దానిని నెమ్మదిగా మరొక్కసారి చదవండి. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" జ్ఞాపకం వస్తే వెళ్లమని ఉన్నది. నీకు సహోదరుని మీద విరోధం ఉంటే అని అక్కడ లేదు. అంటే ఆ వాక్యం మొదట చేరవలసింది అన్యాయం చేసినవాడికి. మన సంఘాల్లో దానిని ఎక్కువగా అన్యాయానికి గురైనవారికే చదివి వినిపిస్తున్నాం, ఎందుకంటే వారు మన ఎదుట కూర్చుని ఏడుస్తూ ఉంటారు, చేసినవారు ఆ రోజు కూడికకు రారు.

గాయపడినవారికి చెప్పిన మాట వేరే ఉన్నది, అది మార్కు 11:25. ప్రార్థన చేస్తూ నిలిచినప్పుడు ఎవరి మీదనైనా విరోధం ఉంటే క్షమించమన్నాడు. గమనించండి, అక్కడ ఎదుటి మనిషి లేడు. ఆ క్షమాపణ దేవునికీ మీకూ మధ్య జరిగేది. దానికి అన్నగారి అంగీకారం గాని, పశ్చాత్తాపం గాని, సంతకం గాని అక్కరలేదు. లూకా 17:3లో మాత్రం "అతడు మారుమనస్సు పొందినయెడల అతని క్షమించుము" అని ఉన్నది, దానికి ముందు గద్దించమని కూడా ఉన్నది. నేను ఈ రెంటినీ ఇలా అర్థం చేసుకుంటాను: పగను దేవుని ఎదుట దించేయడం ఎవరి కోసమూ ఆగనక్కరలేదు; చేయి చాచి ఇంట్లోకి ఆహ్వానించడానికి మాత్రం ఎదుటివాడి మారుమనస్సు కావాలి.

క్షమించడమంటే ఏమీ జరగలేదనడం కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములను క్షమించుము" అని రోజూ చెప్పుకుంటాం. ఋణం అన్న మాటలోనే లెక్క ఉన్నది. అప్పు ఎంతో తేల్చకుండా దానిని ఎవరూ రద్దు చేయలేరు. మత్తయి 18లోని ఉపమానంలో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే బాకీపడ్డాడు, వాడికి తోటి దాసుడు నూరు దేనారములు అచ్చియున్నాడు. దేనారము ఆ రోజుల్లో ఒక దినకూలి. తలాంతు సుమారు 6,000 దేనారములు. అంటే మొదటి అప్పు 6 కోట్ల దినాల కూలి, ఎన్ని తరాలు పనిచేసినా తీరనిది. దీని మీద ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. కానీ రెండో అప్పును గురించి చాలామంది బోధకులు ఏదో చిల్లర డబ్బు అన్నట్టు మాట్లాడతారు, అది సరికాదు. నూరు దేనారములంటే నూరు రోజుల కూలి, కూలివాడి ఇంట్లో మూడు నెలలకు పైగా తిండి. దానిని ప్రభువు చిన్నదని అనలేదు. పక్కన ఉన్న పెద్ద అప్పుతో పోల్చి చూడమన్నాడు, అంతే. మీ ఎకరం ముప్పై సెంట్లు కూడా చిన్నది కాదు. అది పోయినందుకు మీకు నొప్పి కలగడం పాపం కాదు.

మన తెలుగులో ఈ మాటకు ఉన్న లోతును గురించి ఒక సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. క్షమ అంటే మన్నింపు, క్షమ అంటే ఓర్పు, క్షమ అంటే భూమి కూడా. పెద్దలు "క్షమయా ధరిత్రీ" అన్నది ఆ ఓర్పును గురించే. మన బైబిలు అనువాదకులకు ఆ మాట దొరకడం మన భాగ్యం. ఎందుకంటే మన భాషలో మన్నించడమూ ఓర్చుకోవడమూ వేరువేరు గదుల్లో ఉండవు. మీ తగాదా కూడా భూమి గురించే కావడం వల్ల ఈ మాట మీకు రాస్తూ ఉంటే నాకు మళ్లీ కొత్తగా అనిపించింది.

ఇక యోసేపు దగ్గరకు వద్దాం. అన్నలు అమ్మేసిన తమ్ముడు కనుక మీ విషయానికి అతని కంటే దగ్గరివాడు లేడు. పదిహేడేళ్ల వయసులో అతని కథ మొదలవుతుంది, ముప్పై ఏళ్ల వయసులో ఐగుప్తు రాజైన ఫరో ఎదుట నిలిచి ఆ దేశానికి అధికారి అయ్యాడు. సమృద్ధి సంవత్సరాలు ఏడు, కరవు రెండేళ్లు గడిచాక అన్నలకు తన్ను తాను తెలియజేసుకున్నాడు. లెక్క వేస్తే సుమారు 22 సంవత్సరాలు. ఈ మధ్యలో పెద్ద కొడుకు పుడితే మనష్షే అని పేరు పెట్టి, తన బాధనూ తండ్రి ఇంటినీ దేవుడు తనకు మరపించాడని చెప్పుకున్నాడు. కొడుకు పేరులోనే మరపును పెట్టుకున్న మనిషి, అన్నలు ధాన్యం కొనడానికి వచ్చి తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటే విని పక్కకు తిరిగి ఏడ్చాడు. మరిచిపోయాననుకున్నది మరపున పడలేదు. కాబట్టి "క్షమించి ఉంటే ఇంకా గుర్తెందుకు వస్తున్నది" అని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

రెండో సంగతి, యోసేపు వాళ్లను చూసిన వెంటనే కౌగిలించుకోలేదు. కఠినంగా మాట్లాడాడు, అన్నల్లో షిమ్యోనును పట్టి ఉంచాడు, తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. ఒకప్పుడు తమ్ముడిని అమ్మేసిన వీళ్లు ఇప్పుడు మరో తమ్ముడిని కూడా వదిలేసి పోతారా అన్నది అతను చూడదలచుకున్నాడు. అమ్మేద్దామని ఆనాడు సలహా చెప్పిన యూదాయే ముందుకు వచ్చి, చిన్నవాడికి బదులు నన్ను దాసునిగా ఉంచుకోమన్న తరువాతనే యోసేపు ఆపుకోలేకపోయాడు. అతని మనసులో పగ ముందే పోయి ఉండవచ్చు, కానీ నమ్మకం తిరిగి కుదరడానికి యూదా మారాడన్న రుజువు కావలసి వచ్చింది. మూడో సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. వాళ్ల తండ్రి యాకోబు ఐగుప్తులో 17 సంవత్సరాలు బ్రతికాడు. ఆయన పోయాక అన్నలు, ఇప్పుడు వీడు మన మీద పగ తీర్చుకుంటాడేమోనని భయపడ్డారు. పదిహేడేళ్లు అతని అన్నం తిన్నా, వాళ్లు ఆ క్షమాపణను నమ్మలేదు! ఆ కబురు విని యోసేపు మళ్లీ ఏడ్చాడు. క్షమించినవాడి పని ముగిసినా క్షమింపబడినవాడి పని ముగియకపోవచ్చు. అది మీ లోపం కాదు.

దావా సంగతికి వస్తాను, మీరు ఎక్కువగా నలిగిపోతున్నది ఇక్కడే కనుక. మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయంలో విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యెమాడడాన్ని పౌలు తప్పుపట్టాడు, అన్యాయాన్ని సహించడమే మేలు కాదా అని కూడా అడిగాడు. ఆ వాక్యాన్ని నేను దాచను. కానీ ఆ మాటకు ముందు ఆయన, సహోదరుల మధ్య వ్యాజ్యెం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్ని నిలదీశాడు. ఆ ప్రశ్నకు సంఘం జవాబు చెప్పకుండా, రెండో మాటను ఒక్క ఆడబిడ్డ మీద మాత్రమే మోపడం న్యాయం కాదు. మీ అన్నగారిని సంఘ పెద్దలు ఎన్నిసార్లు పిలిచి మాట్లాడారు? మత్తయి 18లో చెప్పిన ప్రకారం ఒంటరిగా ఒకసారి, సాక్షులతో ఒకసారి, సంఘం ఎదుట ఒకసారి ఆ పని జరిగిందా? మీరు రాసినదాన్ని బట్టి జరగలేదని అనుకుంటున్నాను. పౌలు కూడా తన మీద అన్యాయపు విచారణ నడుస్తున్నప్పుడు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. ఉన్న చట్టాన్ని వాడుకోవడం అవిశ్వాసమని ఆయన అనుకోలేదు.

ఆడబిడ్డ భూమి అడగడం అత్యాశ అని ఎవరైనా అంటే సంఖ్యాకాండము 27 తెరిచి చూపించండి. సెలోపెహాదు అయిదుగురు కుమార్తెలు మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగారు. మోషే దేవుని దగ్గర విచారించగా వచ్చిన జవాబు, "సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము." మన దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తిలో, 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం, భార్యకు మూడో వంతు పోగా మిగిలినది పిల్లలందరికీ సమానంగా వస్తుంది. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. కేరళలో మేరీ రాయ్ గారు ఈ సమాన హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు; ఆమెకు ఎదురు నిలిచింది సొంత సోదరుడే. అయితే మీ కేసులో నాన్నగారి వేలిముద్రతో ఒక దస్తావేజు ఉన్నది. అది చెల్లుతుందా లేదా అన్నది కోర్టు తేల్చవలసినది. పైగా మన ప్రాంతంలో చాలా కుటుంబాలకు సర్టిఫికెట్లలో మతం ఒకటి, ఆరాధన ఒకటి ఉంటుంది, దానిని బట్టి ఏ చట్టం వర్తిస్తుందన్నది మారవచ్చు. ఈ రెండు విషయాలూ న్యాయవాదిని తప్పక అడగండి.

నా సలహా అడిగితే, దావా వెనక్కి తీసుకోవద్దు, దానిని లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. మండల న్యాయ సేవాధికార సంఘంలో స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. నేను కాపరిగా ఉన్న ఒక ఊళ్లో గట్టు తగాదాతో పద్నాలుగేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు అలా కూర్చుని, సగం పొద్దులో తేల్చుకున్నారు. బయటికి వచ్చాక కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, అది వేరే సంగతి. కానీ కనీసం పిల్లలు ఒకే బస్సులో కాలేజీకి వెళ్లసాగారు.

పిత్రార్జితంలో పాలు పంచమని తన సహోదరునికి చెప్పమని ఒక వ్యక్తి అడిగితే ప్రభువు, మీ మీద నన్ను తీర్పరినిగా నియమించినదెవరని అడిగాడని (లూకా 12) ఎవరైనా గుర్తు చేయవచ్చు. నిజమే. ఆయన అక్కడ లోభాన్ని గురించి హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మీకూ ఉన్నది, అన్నగారికీ ఉన్నది. కాబట్టి ఒక ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి: మీకు కావలసినది భాగమా, అన్న నాశనమా? భాగమైతే కేసు నడపండి. రెండోదైతే, కేసు గెలిచినా ఆ పొలం మీకు అచ్చిరాదు.

క్షమాపణ, చట్టం రెండూ ఒకే మనిషి జీవితంలో పక్కపక్కన నడవగలవని మన కాలంలోనే చూశాం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకులనూ నిద్రపోతున్న వాహనంలోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ గారు చంపినవారిని క్షమిస్తున్నానని బహిరంగంగా ప్రకటించి, బారిపదలో కుష్ఠు రోగుల సేవను కొనసాగించారు. ఆమె క్షమించినందువల్ల కేసు ఆగలేదు. ముఖ్య నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె పగను వదిలారు, రాజ్యం తన పని తాను చేసింది. మీరు అంత ఎత్తుకు ఈ రోజే ఎక్కాలని నేను అనడం లేదు. నేనైతే అప్పుడు ఆ వార్త చదివి, నా వల్ల కాదని మా ఆవిడతో అన్నాను.

ఇక అసలు పని ఎలా చేయాలన్నది. నా సొంత సంగతి చెప్తాను. ఒక సంఘంలో ఉన్నప్పుడు కమిటీలోని ఒక పెద్దమనిషి, గుడి కట్టడానికి వచ్చిన డబ్బు నేను తిన్నానని ఊరంతా చెప్పాడు. లెక్కలు తనిఖీ చేసి ఏ తేడా లేదని తేల్చారు గాని, ఆయన మాత్రం నోరు విప్పి తప్పయిందని ఎప్పుడూ అనలేదు. నాలుగేళ్ల పాటు ఆయన ముఖం చూస్తూ ప్రసంగం చేయడం నాకు శిక్షగా ఉండేది. ఆయన కోసం దీవెనలు అడగడం నా నోట రాలేదు. అందుకని 109వ కీర్తన తెరిచాను. శత్రువు దినాలు కొద్దివి కావాలనీ, వాడి పదవి మరొకడికి పోవాలనీ దావీదు అడిగిన కీర్తన అది. మా పెద్దమనిషి కమిటీకి సెక్రటరీ కనుక ఆ పదవి మాట నేను కొంచెం ప్రత్యేకమైన భక్తితోనే చదివేవాడిని. నవ్వకండి, అదీ ప్రార్థనే. కోపాన్ని మనిషి మీదికి విసరకుండా దేవుని చేతిలో పెట్టడానికి ఆ కీర్తనలు ఉన్నాయి. కొన్ని నెలలకు ఆ మాటలు నా నోటికే చేదెక్కాయి. తరువాత పేరు మాత్రం పలికి ఊరుకునేవాడిని. ఆ తరువాత ఆయన షుగరు వ్యాధి కోసం ఒక్క వాక్యం అడగగలిగాను. ఒక రాత్రి పది గంటలకు ఆయన కొడుకు ఉద్యోగానికి బాప్తిస్మపు సర్టిఫికెట్టు కావాలని వస్తే, రిజిస్టరు తీసి రాసి, సంతకం చేసి ఇచ్చి, తలుపు వేసుకున్నాక గాని గుర్తు రాలేదు, ఇది ఫలానా ఇంటి కుర్రాడు కదా అని. అయిపోయిందనుకున్నాను. మరుసటి సంవత్సరం గుడి ప్రతిష్ఠ రోజున ఆయన మెడలో దండ చూడగానే పాత మంట మళ్లీ లేచింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. సహోదరుణ్ని ఏడుసార్లు క్షమించాలా అని పేతురు ప్రభువును అడిగినప్పుడు ఏడు వేరువేరు తప్పులను ఊహించుకున్నాడేమో. నాకు మాత్రం డెబ్బది ఏళ్ల మారులూ ఒకే తప్పుకు ఖర్చయ్యాయి.

ఓర్పు గురించి నాకు నేర్పినది పుస్తకం కాదు, దివిసీమలో ఒక సంఘ పెద్ద. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో, దాదాపు 10,000 మంది పోయిన ఆ రోజున, ఆయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్నాడు. పొలం మీద సముద్రపు నీరు నిలిచి మన్ను చెడిపోయింది. నేను అక్కడికి కాపరిగా వెళ్లేసరికి ఆయన వృద్ధుడు. ఉప్పెక్కిన నేలను ఎలా తిరిగి సాగులోకి తెచ్చారని అడిగితే చాలా వివరంగా చెప్పేవాడు: ముందు గట్లు గట్టిగా వేసుకోవాలి, కాలవ నీరు పెట్టి నిలగట్టాలి, ఆ నీటిని మురుగులోకి వదిలేయాలి, మళ్లీ మంచినీరు పెట్టాలి, మళ్లీ వదలాలి, జీలుగ చల్లి పూత దశలో కలియదున్నాలి, మరుసటి ఏడు కూడా అంతే. మొదటి ఏడాది పంట చూసి ఏడుపు వచ్చేదట. ఒక్క వానకే ఉప్పు పోతుందనుకున్నవాళ్లు పొలాలు అమ్ముకుని వెళ్లిపోయారని చెప్పేవాడు. దేవుని మీద కోపం లేదా అని ఒకసారి నేను తెలివితక్కువగా అడిగాను. "ఉంది అయ్యగారూ, ఆదివారం ఆదివారం వచ్చి చెప్పుకుంటానుగా" అన్నాడు. అంతకు మించి ఆయన నుంచి సాక్ష్యం రాబట్టలేకపోయాను. ఆయన చెప్పిన వరుసలో గట్లు మొదట ఉన్నాయని మీరు గమనించే ఉంటారు. గట్టు లేకపోతే పెట్టిన మంచినీరు నిలవదు. మీకు ఆ దావా ఒక గట్టు; అన్నగారి ఫోను వచ్చినప్పుడల్లా ఎత్తనక్కరలేకపోవడం ఒక గట్టు.

కొత్త నిబంధన మూలభాషలో ఓర్పుకు వాడిన ఉపొమొనె అన్న మాటకు, బరువు కింద నుంచి పారిపోకుండా నిలిచి ఉండడమని అర్థం. రోమీయులకు 5వ అధ్యాయంలో శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి పరీక్ష, పరీక్ష నుంచి నిరీక్షణ కలుగుతాయని పౌలు వరుస చెప్పాడు. మీరు నిరీక్షణ మొదట వస్తే ఓర్చుకోగలనని అనుకుంటున్నారు, అందరమూ అలాగే అనుకుంటాం. ఆయన దానిని ఆఖరున పెట్టాడు. మన బైబిలులో ఇక్కడ ఆశ అనకుండా నిరీక్షణ అన్నారు, ఆ మాటలోనే ఎదురుచూడడం ఉన్నది. ఎదురుచూసేవాడికి ఇంకా ఏదీ చేతికి రాలేదని అర్థం. మూడేళ్లుగా చేతికి ఏమీ రాకుండానే మీరు ప్రార్థన మానలేదు, అమ్మగారిని చూసుకుంటున్నారు, క్షమించలేకపోతున్నానని ఏడుస్తూ ముక్కు మొహం తెలియని నాకు రాశారు. నిరీక్షణ లేనివారు చేసే పనులు ఇవి కావు. చీకటి రోజుల్లో 13వ కీర్తన చదవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అనే ప్రశ్నతో మొదలయ్యే ఆ కీర్తనలో ఆరు వచనాలే ఉన్నాయి, ఏడ్చేవారికి అంతకంటే పొడుగైనవి చదవడం కష్టం.

సంస్కారం విషయం: తన్ను తాను పరీక్షించుకుని పాల్గొనమని పౌలు రాశాడు. క్షమించాలన్న కోరిక లేనివారికి నేను ఆగమని చెప్పేవాడిని. కోరిక ఉండి శక్తి లేనివారికి ఆ రొట్టె, ఆ పాత్ర ఎంతో అవసరం. మీ కాపరితో ఒంటరిగా కూర్చుని ఈ తేడా వివరించండి, కావాలంటే నేను రాసినది చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే గొడవ పడకండి, సంఘ పెద్దల్లో మీకు తల్లివంటి ఒక స్త్రీని తోడు తీసుకుని మరోసారి వెళ్లండి.

పెళ్లికి వెళ్లమనే నా సలహా. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు పౌలు. ఆ రెండు షరతులూ ఆయనే పెట్టాడు. మేనకోడలు మీకు ఏ అన్యాయమూ చేయలేదు, మేనత్త దీవెన ఆ అమ్మాయి హక్కు. అమ్మగారిని తప్పక తీసుకువెళ్లండి. ముందు రోజు రాత్రి ఆ ఇంట్లో బస చేయవద్దు, బంధువుల ఇంట్లో గాని లాడ్జిలో గాని దిగి, ఆరాధన సమయానికి గుడికి చేరుకోండి. పొలం మాట ఎవరు ఎత్తినా, "ఈ రోజు పెళ్లి మాటలే మాట్లాడుకుందాం" అని లేచి పక్కకు వెళ్లండి. ఫలానా పెద్దమనిషి మిమ్మల్నీ అన్ననూ ఒకచోట నిలబెట్టి, అందరి ఎదుట చేతులు కలిపించి ప్రార్థన చేస్తానంటే ఒప్పుకోకండి. అలాంటి సమాధానాలు ఫొటోల దాకానే ఉంటాయని అనుభవం మీద చెప్తున్నాను. కానుక కవరు మీద మీ పేరూ అమ్మగారి పేరూ రాయండి. గుడి మెట్ల దగ్గర అన్నగారు ఎదురుపడితే "వందనాలు అన్నయ్యా" అనండి, అంతకంటే ఏమీ అక్కరలేదు. ఆ మాట కూడా నోట రాకపోతే తల వంచుకుని లోపలికి నడవండి, పెళ్లికూతురు మీ కోసం, నానమ్మ కోసం వాకిలి వైపు చూస్తూ ఉంటుంది.